సామ్‌లోమ్ తాతకి వంద గుడ్లు

ఆ ఉదయం తావ్ కుంటుతూ వంటింట్లోకి వచ్చాడు. వచ్చినవాడు నేరుగా రాలేదు. గడప దగ్గర ఆగి, గోడ పట్టుకుని, "అబ్బా" అన్నాడు. భార్య చూసిందో లేదో చూసుకున్నాడు. చూడలేదని తెలిసి, ఈసారి కాస్త శ్రద్ధగా మళ్ళీ "అబ్బా" అన్నాడు.

తక్కతేన్ వెదురుబుట్టలోంచి పొగలు కక్కే జిగురన్నం తీస్తోంది. వెనక్కి తిరక్కుండానే, "ఏ కాలు?" అంది.

"కుడిది."

"మడమా, మోకాలా?"

తావ్ ఆలోచించాడు. "రెంటికీ మధ్య."

"అక్కడ ఉండేది పిక్క."

"అదే. పిక్కే."

తక్కతేన్‌కి ఊళ్ళో మందుల షాపులో ఉద్యోగం. నిజం నొప్పులవాళ్ళూ, సెలవుచీటీ నొప్పులవాళ్ళూ రోజూ ఆమె ముందే నిలబడతారు. నొప్పి ఎక్కడని అడిగితే నిజంగా నొప్పి ఉన్నవాడు వేలు పెట్టి చూపిస్తాడు గాని, ఆలోచించడు. ఆమె మాట్లాడకుండా షెల్ఫులోంచి ఒక డబ్బా తీసి, అందులోని ఎర్ర లేపనం పిక్క నిండా పట్టించింది. అది గుర్రప్పందేల వాళ్ళు కొనుక్కెళ్ళే లేపనం. తావ్ ఒక్క క్షణం ఆగి, రెండు కాళ్ళమీదా సమానంగా లేచి, పెరట్లో నీళ్ళతొట్టి దాకా పరిగెత్తాడు.

"తగ్గిపోయింది. కొండకి భేషుగ్గా పనికొస్తావ్," అంది తక్కతేన్.

వాళ్ళ భాషలో తావ్ అంటే తాబేలు. తక్కతేన్ అంటే మిడత. పిల్లలకి ముద్దుపేర్లు అందంగా పెడితే దయ్యాల కన్ను పడుతుందని పెద్దవాళ్ళ భయం కాబట్టి ఆ ఊళ్ళో సగంమంది కప్పలూ, రొయ్యలూ, పందిపిల్లలే. కానీ ఈ ఇద్దరికీ పేర్లు పెట్టినవాళ్ళు జాతకం కూడా చూసి పెట్టినట్టున్నారు. ఆమె కాలు ఒకచోట నిలవదు. అతను ఒకచోట కూర్చుంటే లేవడు. పైగా అతను పనిచేసేది సోఫాల కొట్లో. సోఫా ఎంత మెత్తనో కొనేవాళ్ళకి తెలియాలంటే ఎవరో ఒకరు దాన్లో చేరగిలబడి హాయిగా కళ్ళు మూసుకోవాలి కదా. ఆ ఎవరో ఒకరు తావ్. జీతం తీసుకుని కూర్చునే మనిషిని ఊరికే నడవమంటే ఏ న్యాయం?

అసలు తప్పు అతనిదే. పెళ్ళికి ముందు, ఊరి చివర నూడుల్స్ బండి దగ్గర నిలబడి, ఉత్తరాన నీలంగా కనిపించే ఫూ సామ్‌లోమ్ కొండ వైపు చెయ్యి చాపి, "పెళ్ళవగానే నిన్ను అక్కడికి నడిపించి తీసుకెళ్తా. పైన గుడారం వేసుకుందాం," అనేశాడు. దూరపు కొండలు నునుపు. సముద్రం పక్క ఊళ్ళో పుట్టిన తావ్‌కి ఏ కొండైనా దూరపు కొండే.

పెళ్ళయ్యాక తెలిసింది. అది జాతీయ ఉద్యానం. పైకి బండి పోదు, స్కూటరు పోదు, తీగమీద ఉయ్యాలపెట్టె పోదు. పొద్దున్నే మొదలుపెట్టి నిచ్చెనలూ బండలూ పట్టుకుని ఎక్కితే సాయంత్రానికి పైన్ చెట్ల మైదానం వస్తుంది. ఆ సంగతి విన్నరోజే తావ్ ఉత్సాహం, నూనె అయిపోయిన దీపంలా, అతనికంటే ముందే కొండెక్కింది.

తక్కతేన్ మాత్రం కొండమీద గడపబోయే ఆ రెండు రోజుల కోసమే బతుకుతోంది. ఎందుకంటే పెళ్ళయ్యాక అల్లుడే అత్తారింటికి కాపురానికి రావడం అక్కడి ఆనవాయితీ. తావ్ కూడా ఒక పెట్టె, రెండు దిండ్లతో వచ్చేశాడు. ఇల్లు చెక్క ఇల్లు. కొత్త దంపతుల గదికీ, అత్తగారు సోమ్‌జీన్ గదికీ మధ్య ఒక్క పలక. ఇటువైపు తుమ్మితే అటువైపు నుంచి "చిరంజీవ" అని వినిపిస్తుంది. ఒక సాయంత్రం తావ్ భార్య చెవిలో, "నువ్వు నవ్వితే వెన్నెల కాసినట్టుంటుంది తెలుసా," అన్నాడో లేదో, పలక అవతలి నుంచి సోమ్‌జీన్, "వెన్నెల కాదు నాయనా, వీధిదీపం. కిటికీ వేసుకో, దోమలొస్తాయి," అంది.

మూడు నెలలుగా తక్కతేన్ నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వుతోంది. మొగుడితో ఒంటరిగా, గొంతు విప్పి నవ్వడానికి ఆమెకి ఒక కొండ కావాలి. అంతే.

కుంటు పారకపోయేసరికి తావ్ సామాను మార్గం పట్టాడు. ఆ వారమంతా గది మధ్యలో సామాను పేరుస్తూ పోయాడు. దుప్పట్లు, రైస్ కుక్కరు, టేబుల్ ఫ్యాను, ఇస్త్రీపెట్టె. అత్తగారు ప్రేమగా తన వంతు రాతి రోలు తెచ్చి పెట్టింది. "పైన బొప్పాయి కారం దంచుకోవద్దూ? అల్లుడికి అది లేకపోతే ముద్ద దిగదు."

"చూశావా," అన్నాడు తావ్ విచారంగా. "ఇవన్నీ లేకుండా ఎలా బతుకుతాం? ఇవన్నీ ఉంటే ఎలా ఎక్కుతాం? మానేద్దామా?"

"కింద కూలీలుంటారు. కావిళ్ళలో మోసుకొచ్చేస్తారు. ఫ్రిజ్‌లే మోసిన మనుషులు."

తావ్ కళ్ళు మెరిశాయి. "అయితే మనిషిని కూడా..."

"కావిడికి రెండువైపులా సమానంగా తూగాలి. నీకు రెండోవైపు పెట్టడానికి సరిపోయేది ఎక్కడ దొరుకుతుంది?"

"రోలు ఉందిగా."

"అలాంటివి పది కావాలి."

పలక అవతలి నుంచి సోమ్‌జీన్, "పక్కింట్లో ఒకటుంది, అడగనా?" అంది.

ఇంక మనుషులతో లాభం లేదని తావ్ పైవాళ్ళని ఆశ్రయించాడు. ఆ విషయం తక్కతేన్‌కి ఎలా తెలిసిందంటే, ఊరి సంత వెనక, స్తంభం మీద నిలబెట్టిన చిన్న చెక్క గుడి ముందు బంతిపూల దండలు అమ్మే లమ్‌యాయ్ పెద్దమ్మ మోకాళ్ళ మందు కోసం షాపుకొచ్చింది.

"నీ మొగుడికి ఎంత భక్తే తల్లీ!" అంది లమ్‌యాయ్, బల్లమీద మోచేతులు ఆనించి. "సామ్‌లోమ్ తాత ముందు మోకరిల్లి మొక్కుకున్నాడు. గట్టిగా చెబితేనే వినిపిస్తుందనుకున్నాడు కాబోలు, చేపల వరస దాకా వినిపించింది."

సామ్‌లోమ్ తాతంటే ఆ కొండని కాచే దేవర. పరీక్షలకీ, పెళ్ళిళ్ళకీ, లాటరీలకీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన్నే పట్టుకుంటాయి.

"ఏం మొక్కుకున్నాడు?" అంది తక్కతేన్, కొండ ప్రయాణం క్షేమంగా జరగాలని అయ్యుంటుందని మురిసిపోతూ.

"'తాతా, నీ కొండ చాలా గొప్పది. రోజూ దూరం నుంచి దణ్ణం పెట్టుకుంటాను. దగ్గరికి మాత్రం రప్పించకు. ఈ ప్రయాణం ఎలాగైనా ఆపు. ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరి కాలూ విరక్కుండా, ముఖ్యంగా ఆ పేరు నా మీదికి రాకుండా ఆపు. వంద ఉడికించిన గుడ్లు సమర్పించుకుంటా' అన్నాడు."

తక్కతేన్ చేతిలో మందు సీసా ఆగిపోయింది. ముందు కోపం వచ్చింది. దాని వెనకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాతో రెండు రోజులు గడపకుండా ఉండటానికి వంద గుడ్లా?

"నేను రెండొందల గుడ్లు మొక్కుకుంటా, ఆపొద్దని."

"ఇదేమన్నా వేలంపాట అనుకున్నావా?" అని కసిరింది లమ్‌యాయ్. "మొగుడొకవైపు, పెళ్ళామొకవైపు లాగితే తాతకి చికాకొస్తుంది. ముందు అడిగినవాడిదే వరస."

"అయితే కోరిక తీరాక మీ గుడి ముందు గుడ్లు పెట్టేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడన్నమాట."

"ఇక్కడెందుకు పెడతాడు? ఇక్కడ అడగడం వరకే. తీర్చుకునేది పైన, కొండకొమ్మున బండ పక్కన తాత అసలు చోట. ఊళ్ళో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఊళ్ళో చంటిపిల్లలకి తెలుసు. సముద్రం పక్క ఊరివాడికి తెలియదు.

తక్కతేన్ నవ్విన నవ్వుకి దగ్గుమందు కోసం నిలబడ్డ ఒక ముసలాయన దగ్గు ఆగిపోయింది. కొండ ఎక్కకూడదని మొక్కుకున్నవాడు, కోరిక తీరితే ఆ కొండే ఎక్కాలి! అంతలోనే ఆమెకి ఒక అనుమానం పట్టుకుంది.

"గుడ్లు కూలీ చేత పంపిస్తే చెల్లుతుందా పెద్దమ్మా?"

"గుడ్లకైతే చెల్లుతుంది."

"మరి దేనికి చెల్లదు?"

లమ్‌యాయ్ కాసేపు మోకాలు రుద్దుకుంది. పెద్దదానికి విషయం అర్థమైంది. "ఆటకి చెల్లదు. అర్జంటు పనులకి తాత ముందు చిందేసి ఆడతామని మొక్కుకుంటారు. మొక్కుకున్నవాడే తన కాళ్ళతో ఆడాలి. మొన్న ప్రమోషన్ వచ్చిన పోలీసాయన కూడా టోపీ తీసి పక్కన పెట్టి ఆడాడు."

"మా ఆయనది చాలా అర్జంటు," అంది తక్కతేన్. "మీరు చెబితే వింటాడు." అని మోకాళ్ళ మందుతో పాటు నడుముకి కూడా ఒక పట్టీ ఊరికే ఇచ్చింది.

ఆ సాయంత్రం తావ్ అగరొత్తుల వాసనతో ఇంటికొచ్చాడు. గదిలో సామాను చుట్టూ తిరుగుతూ చేతులు గాల్లో వంకర తిప్పుతున్నాడు, మధ్యమధ్య నడుం కూడా.

"ఏమిటది?" అంది తక్కతేన్.

"కొండకి సాధన."

"కొండ నడుంతో ఎక్కుతారా?"

"అన్ని కండరాలూ వదులుగా ఉండాలిట."

మర్నాడు షాపుకి వెళ్ళేదారిలో తక్కతేన్ కూడా సంత వెనక ఆగింది. అగరొత్తులు వెలిగించి, మోకరిల్లి, తల వంచి, "తాతా, మా ఆయన మంచివాడు. పాపం, ఎప్పుడూ ఏదీ అడగడు. ఆయన కోరిక దయచేసి తీర్చు," అంది. పక్కన దండలు గుచ్చుతున్న లమ్‌యాయ్‌కి సూది వేల్లో గుచ్చుకుంది.

తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో జరిగింది సోమ్‌జీన్‌కి ఇప్పటికీ అర్థం కాలేదు. చలికాలపు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వాన లేదు, గాలి లేదు. ప్రయాణం దగ్గర పడేకొద్దీ అల్లుడు మొహం వేలాడేసుకున్నాడు. సరే, అతని సంగతి తెలిసిందే. కానీ కూతురు కూడా పొద్దున్న లేవగానే ఆకాశం చూసి, "ఛ, ఇవాళ కూడా ఎండే" అంటోంది.

"కొండకెళ్ళేదానివి ఎండొస్తే ఏడుస్తావేమిటే?"

"చెమట పడుతుందమ్మా."

తక్కతేన్ లెక్క తక్కతేన్‌ది. కోరిక తీరకపోతే తావ్ మళ్ళీ కుంటుతాడు. ఈసారి రెండు కాళ్ళూ కుంటుతాడు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినా, పైదాకా మూలుగుతూనే వస్తాడు. తాత కనికరిస్తే తప్ప ఈ మనిషి కదలడు.

తాత కనికరించాడు. బయల్దేరడానికి ముందురోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా ఉద్యానం వాళ్ళ కబురు తావ్ ఫోనులో మోగింది. ఏనుగుల గుంపొకటి పిల్లతో సహా వచ్చి సరిగ్గా నడకదారి మధ్యలో వెదుళ్ళు తింటూ విడిది చేసిందట. అవి తమంతట తాము వెళ్ళేదాకా కొండ మూసేశారట.

"అయ్యో!" అన్నాడు తావ్. నోరు అయ్యో అంది గాని, కళ్ళు అప్పుడే లేచి నాట్యం చేస్తున్నాయి. "ఎంత పని జరిగింది తేన్! నేనేమో షూ కూడా తుడిచి పెట్టుకున్నాను!"

తక్కతేన్ తువ్వాలులో మొహం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏడవకు. ఏనుగులతో పోట్లాడతామా చెప్పు? మన రాత," అంటూ తావ్ ఆ బాధలో రెండో బుట్ట జిగురన్నం, కాల్చిన కోడి తొడ దగ్గరికి లాక్కున్నాడు.

తొడ సగం అయ్యేసరికి మెట్ల కింద చెప్పుల చప్పుడైంది. లమ్‌యాయ్ పెద్దమ్మ ఒక బంతిపూల దండతో పైకొచ్చి, దాన్ని తావ్ మెళ్ళో వేసి, "శుభం నాయనా! నీ మొక్కు ఫలించింది. ఊరంతా ఇదే మాట. గుడ్లెప్పుడు? ఆటెప్పుడు?" అంది.

కోడి తొడ తావ్ నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగిపోయింది.

"ఏ మొక్కు?" అంది సోమ్‌జీన్.

"ఏ మొక్కు?" అన్నాడు తావ్ కూడా, ఆవిడతో గొంతు కలిపి.

లమ్‌యాయ్ పూసగుచ్చినట్టు చెప్పింది, చేపల వరసకి వినిపించినంత గట్టిగా. తావ్ కుక్కిన పేనులా కూర్చున్నాడు. తక్కతేన్ తువ్వాలు దించి అతని వైపు చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఏడ్చిందో నవ్విందో అతనికి తెలియలేదు. తెలియకపోవడంతో మరింత సిగ్గుపడ్డాడు.

"సరే, తప్పే. ఇప్పుడే వంద గుడ్లు ఉడకబెట్టి సంతలో పెట్టేస్తాను," అంటూ లేచాడు.

"సంతలో కాదు. పైన," అంది లమ్‌యాయ్.

"దేని పైన?"

"కొండ పైన."

తావ్ మెల్లిగా మళ్ళీ కూర్చున్నాడు. "ఏనుగులు వెళ్ళాక కూలీ చేత పంపిస్తాను. కావిడిలో."

"గుడ్లు పంపిస్తావ్. ఆట కూడా కావిడిలో వేసి పంపిస్తావా?"

తావ్ అత్తగారి వైపు తిరిగాడు. ఈ లోకంలో అతనికి మిగిలిన ఆఖరి సోఫా ఆవిడే. "అమ్మా, నా పిక్కలు..."

అల్లుడి ఆకలికి కరిగే సోమ్‌జీన్, అల్లుడి తలనొప్పికి అల్లాడే సోమ్‌జీన్, పీట వెనక్కి జరుపుకుంది. "తీర్చని మొక్కు ఇంట్లో పెట్టుకుని కూర్చుంటావా నాయనా? నా ఇల్లు చెక్క ఇల్లు, తాతకి కోపమొస్తే ఒక్క నిప్పురవ్వ చాలు! కాళ్ళు నొప్పులైతే పాకుతూ వెళ్ళు. చేతులున్నాయి కదా!" అని, ఒక్క ఊపిరి తీసుకుని, "నువ్వు సరిగ్గా ఆడావో లేదో చూసుకోవాలి. నేనూ వస్తా," అంది.

తక్కతేన్ గుండె జారి గాబులో పడింది. ఇంత పన్నాగం పన్నింది దీనికోసమా? గుడారంలో మొగుడు ఒకవైపు, అమ్మ ఒకవైపు, మధ్యలో పలక కూడా ఉండదు! ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

మాట తావ్‌కి వచ్చింది. "అమ్మా, మీరు చూస్తుంటే నాకు సిగ్గు. కాలు కదలదు. అత్తగారి ముందు నడుం తిప్పడం నావల్ల కాదు. మధ్యలో ఆగిపోతే మొక్కు చెల్లదు."

సోమ్‌జీన్ లమ్‌యాయ్ వైపు చూసింది. లమ్‌యాయ్ పైకప్పు వైపు చూసి, "ఆట మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికే," అంది.

"అయితే మీ ఇద్దరే వెళ్ళండి," అంది సోమ్‌జీన్.

ఎవరి గోతిలో వాళ్ళే పడటం చూశాం గాని, పడ్డవాడు లోపలి నుంచి పెళ్ళానికి నిచ్చెన అందించడం ఎక్కడా చూడలేదు. తక్కతేన్ ఆ పూట అతనికి రెండో కోడి తొడ కూడా వడ్డించింది.

ఏనుగులు వెదుళ్ళు అయిపోయాక మర్యాదగా తప్పుకున్నాయి. కొండ తెరిచారు. ఫ్యానూ, ఇస్త్రీపెట్టే, రోలూ ఇంట్లో ఉండిపోయాయి. కూలీ కావిడికి ఒకవైపు గుడారం, రెండోవైపు గుడ్ల గంప. తావ్ ప్రతి మలుపు దగ్గరా ఉన్న దుకాణంలో కూర్చుని ఏదో ఒకటి తిన్నాడు. కాల్చిన అరటికాయ తిన్నాడు, పుచ్చముక్క తిన్నాడు, ఎదురొచ్చి దిగేవాళ్ళని "ఇంకెంత దూరం?" అని అడిగి తిట్లు కూడా తిన్నాడు. కానీ ఎక్కాడు. చివరి నిచ్చెన మీద తక్కతేన్ చెయ్యి చాస్తే, పట్టుకుని పైకొచ్చి, ఆ గడ్డిమైదానాన్నీ, పైన్ చెట్ల మధ్య పరుగెత్తే పొగమంచునీ చూసి, చాలాసేపు "అబ్బా" అనడం కూడా మరిచిపోయాడు.

కొండకొమ్మున తాత గుడి ముందు గుడ్లు గుట్టగా పోశారు. పక్క గుడారాల్లోంచి కాలేజీ పిల్లల గుంపు గిటారుతో వచ్చి చేరింది. ఒకడు బకెట్ బోర్లించి దరువు మొదలుపెట్టాడు. తావ్ ముందు చీపురు మింగినవాడిలా నిలబడ్డాడు. తర్వాత ఒక చెయ్యి తిరిగింది. ఇంకో చెయ్యి తిరిగింది. గదిలో సాధన చేసిన నడుం అందుకుంది. ఇంతకాలం సోఫాల్లో దాచుకున్న సత్తువంతా బయటికొచ్చినట్టు, బంతిపూల దండ ఎగిరెగిరి పడేలా ఆడాడు. పిల్లలు ఈలలు వేశారు. ఎవరో ముసలి దంపతులు కూడా వచ్చి కాలు కలిపారు. తక్కతేన్ అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టింది.

ఆట అయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుని గుడ్లు వలుచుకుంటుండగా బకెట్ దరువు పిల్లవాడు అడిగాడు. "ఇంత బాగా ఆడారంటే పెద్ద కోరికే తీరుంటుంది. ఏం మొక్కుకున్నారన్నా?"

తావ్ గుడ్డు వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. తాత ముందు అబద్ధం ఆడకూడదు.

"ఈ కొండ ఎక్కకూడదని," అన్నాడు.

కొండకొమ్మంతా పగలబడి నవ్వింది. ఒక పిల్లకి గుడ్డు పొలమారింది. ముసలాయన కర్ర జారవిడిచి కూలబడి నవ్వాడు. తక్కతేన్ నవ్వింది, తువ్వాలు లేకుండా, తల వెనక్కి వాల్చి, లోయ మారుమోగేలా.

"నువ్వు మరీ అంత నవ్వకు," అన్నాడు తావ్ చెవులు ఎర్రబడి. "నా మొక్కు ఫలించబట్టి గదా ఇలా అయింది. ఆ ఏనుగులే రాకపోతే..."

"రావాలని నేనూ అడిగాను."

"ఏమిటి?"

"మా ఆయన కోరిక తీర్చమని తాతని అడిగాను. ఆట సలహా కూడా నేను పంపిందే."

తావ్‌కి ఒక అస్త్రం దొరికింది. "అయితే నువ్వు కూడా మొక్కు తీర్చుకోవాలి! లే, ఆడు!"

"నేనేం మొక్కలేదే. మొక్కినవాడివి నువ్వు. నేను సిఫార్సు చేశానంతే," అంది తక్కతేన్, ఇంకో గుడ్డు వలిచి అతని నోట్లో పెడుతూ.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమెకి మెలకువ వచ్చేసరికి గుడారంలో పక్క ఖాళీగా ఉంది. బయటికొచ్చి చూస్తే తావ్ చలికి దుప్పటి కప్పుకుని తాత గుడి ముందు మోకరిల్లి ఉన్నాడు. చేతిలో అగరొత్తులు. వెనక లోయంతా మేఘాలు, వాటి అంచున అప్పుడే నారింజరంగు పాకుతోంది.

"మళ్ళీ ఏం అడుగుతున్నావ్?"

తావ్ ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు."

"తావ్!"

"ఏనుగులు ఒక్కసారి మళ్ళీ దారిమీదికి రావాలని," అన్నాడు నేలచూపులు చూస్తూ. "మనం దిగకుండా. ఇంకో రెండు రోజులు."

"ఏం ఇస్తానన్నావ్?"

"వచ్చే ఏడు మళ్ళీ ఎక్కి వచ్చి ఆడతానన్నాను. ఈసారి ఇద్దరం ఆడతామన్నాను. నిన్ను అడక్కుండా అనేశాను. కోపమా?"

తక్కతేన్ అతని దుప్పట్లోకి దూరి పక్కన కూర్చుంది. ఎండ మొదటి గీత ఇద్దరి మొహాలమీదా పడింది.

"ఏ పాటకి?" అంది.